గోదావరికి వరద రాకముందే వెబ్ మ్యాప్ సిద్ధం చేసుకోవాలంటే

జూలై వచ్చిందంటే గోదావరి ఒడ్డున అందరి కళ్లూ భద్రాచలం నీటిమట్టం మీదే ఉంటాయి. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జూలైలో నీరు 71 అడుగులు దాటింది. అలాంటి రోజుల్లో ఏ ఊరికి దారి తెగింది, పునరావాస కేంద్రం ఎక్కడుంది, పడవ ఏ రేవులో దొరుకుతుంది అన్నీ ఒక వెబ్ మ్యాప్‌లో పెట్టాలని చాలామందికి అనిపిస్తుంది. మంచి ఆలోచనే, కానీ నీళ్లు వచ్చాక మొదలుపెట్టే పని కాదు. మ్యాప్‌లో చుక్క కనిపిస్తే జనం నమ్మి బయల్దేరతారు. అది తప్పు చోట ఉంటే పిల్లల్ని, ముసలివాళ్లని వెంటబెట్టుకుని నీళ్లకు ఎదురు వెళ్తారు. అందుకే ఇవన్నీ మే నెలలో, తీరిక ఉన్నప్పుడే చూసుకోండి.

ఇక్కడ చెప్పేది డేటా దాచే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, దానికి మ్యాప్ లెక్కలు నేర్పే పోస్ట్‌జిస్, బ్రౌజర్‌లో మ్యాప్ చూపించే లీఫ్‌లెట్ వాడే పద్ధతి గురించి. మూడూ ఉచితమే.

మొదట అక్షాంశ, రేఖాంశాల సంగతి. భద్రాచలం అక్షాంశం సుమారు 17.67, రేఖాంశం 80.89. లీఫ్‌లెట్‌కు అక్షాంశం ముందు ఇవ్వాలి. పోస్ట్‌జిస్‌కు, మ్యాప్ డేటా రాసే ఫైల్ రూపమైన జియోజేసన్‌కు రేఖాంశం ముందు. తారుమారైతే భద్రాచలం ఎక్కడో ఆర్కిటిక్ సముద్రంలో, స్వాల్‌బార్డ్ దీవుల దగ్గర తేలుతుంది. అంత పెద్ద తప్పు వెంటనే కంటపడుతుంది కాబట్టి దానితో అంత భయం లేదు. భయపడాల్సింది కంటికి ఆనని తప్పుకి. ఎవరో కాగితం మీద 17 డిగ్రీల 40 నిమిషాలు అని రాసిస్తారు, మనం 17.40 అని టైప్ చేస్తాం. నిజానికి అది 17.667. చుక్క దాదాపు 30 కిలోమీటర్లు దక్షిణానికి జరిగిపోతుంది, అక్కడా ఒక ఊరు ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. దీనికి మందు డేటాబేస్‌లోనే ఉంది. ప్రతి చుక్కతో పాటు మండలం పేరు కూడా నమోదు చేయించండి. చుక్క ఆ మండలం హద్దుల్లో పడకపోతే సేవ్ కాకుండా ట్రిగ్గర్ (డేటా చేరేటప్పుడు దానంతటదే నడిచే చిన్న కోడ్) రాసి పెట్టండి. ఒక పూట పని, కానీ నా లెక్కలో ఈ జాబితా మొత్తంలో అన్నిటికంటే విలువైనది ఇదే.

దూరాలు కొలిచేటప్పుడు ఇంకో చిక్కు ఉంది. డేటాను 4326లో (అక్షాంశ, రేఖాంశాలను డిగ్రీల్లో రాసే పద్ధతికి కోడ్ ఇది) జామెట్రీ రకంగా, అంటే నేల చదునుగా ఉందన్న లెక్కలో పెట్టి 500 మీటర్లలోపు కేంద్రాలు చూపించమంటే, పోస్ట్‌జిస్ 500ని డిగ్రీలుగా తీసుకుని ఉన్నవన్నీ ఇచ్చేస్తుంది. పోనీ అని వెబ్ మ్యాప్‌లు వాడే 3857 అనే చదును పద్ధతిలో కొలిస్తే భద్రాచలం దగ్గర దూరం సుమారు 5 శాతం, వైశాల్యం సుమారు 10 శాతం ఎక్కువ వస్తాయి. భూమిని నిలువు పట్టీలుగా (జోన్లుగా) విడగొట్టి మీటర్లలో కొలిచే యూటీఎం పద్ధతిలో 44వ జోన్ భద్రాచలం నుంచి సముద్రం దాకా సరిపోతుంది కానీ అనంతపురం 43లో, ఇచ్ఛాపురం 45లో పడతాయి. ఈ తలనొప్పి లేకుండా, భూమి గుండ్రదనాన్ని లెక్కలోకి తీసుకునే జాగ్రఫీ రకం కాలమ్ వాడండి, కొలతలు మీటర్లలోనే వస్తాయి.

ఊళ్ల పేర్ల దగ్గర ఇంకా ఓపిక కావాలి. కుక్కునూరు, వేలేరుపాడు మండలాలనే తీసుకోండి. 2011 జనగణన పట్టికల్లో అవి ఖమ్మం జిల్లాలో ఉంటాయి. 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసి పశ్చిమ గోదావరికి వచ్చాయి, 2022 ఏప్రిల్‌లో ఏలూరు జిల్లాలో చేరాయి. వరద వస్తే అన్నిటికంటే ముందు మునిగేది ఇలాంటి ఊళ్లే. పాత పట్టికను కొత్త హద్దులతో జిల్లా పేరు పట్టుకుని కలిపితే ఆ ఊళ్లు చడీచప్పుడు లేకుండా మాయమైపోతాయి. కాబట్టి పేర్లతో కలపకండి, కేంద్ర ప్రభుత్వ లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ ఇచ్చే కోడ్‌లతో కలపండి. కలిపాక ఎన్ని వరసలు మిగిలిపోయాయో తప్పక లెక్కపెట్టండి. హద్దుల డేటా తరచుగా వచ్చే షేప్‌ఫైల్ అనే ఫైల్ రూపంలో కాలమ్ పేరు పది అక్షరాలకు తెగిపోతుంది, ఎన్‌కోడింగ్ (అక్షరాలను కంప్యూటర్ దాచే పద్ధతి) చెప్పకపోతే తెలుగు పేర్లు ప్రశ్నార్థకాలుగా మారతాయి. లోడ్ చేసేటప్పుడు యూటీఎఫ్-8 అని చెప్పడం మరవకండి.

సమయం నిల్వ చేసే కాలమ్‌కు టైమ్‌జోన్ ఉండాలి. లేదంటే సర్వర్ మన సమయం కాక ప్రపంచ ప్రామాణిక సమయం చూపించి, ఉదయం 6 గంటలకు వచ్చిన కబురు రాత్రి 12.30కి వచ్చినట్టు కనిపించవచ్చు. చివరిసారి ఎప్పుడు సరిచూశారో ప్రతి చుక్క పక్కనా చూపించండి. ఆరు గంటలు దాటిన కబురు రంగు వెలిసిపోయేలా పెట్టండి.

వరద రోజున అందరూ ఒకేసారి మ్యాప్ తెరుస్తారు. పోస్ట్‌గ్రెస్ మామూలుగా 100 కనెక్షన్లే ఇస్తుంది. చూసేవాళ్లందరినీ డేటాబేస్ దాకా రానివ్వకుండా, ఐదు నిమిషాలకోసారి జియోజేసన్ ఫైల్ తయారుచేసి దాన్నే చూపించండి. చుక్కలు దాచిన జాగ్రఫీ కాలమ్‌కు, వెతుకులాటను వేగవంతం చేసే జిస్ట్ ఇండెక్స్ ఉందో లేదో చూసుకోండి. చుక్కల వెనుక కనిపించే మ్యాప్ ముక్కలను (టైల్స్) అందించే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సర్వర్లు విరాళాల మీద నడుస్తాయి, వాటి మీద అంత భారం వేయడం న్యాయం కాదు. మన ప్రాంతం వరకు టైల్స్ సొంతంగా తయారుచేసుకుని, వాళ్ల పేరు మ్యాప్ మూలన వేయండి.

పోస్ట్‌గ్రెస్ వాడే 5432 పోర్టును ఇంటర్నెట్‌కు తెరవకండి. మ్యాప్ వాడే యూజర్‌కు చదివే హక్కు మాత్రమే ఇవ్వండి. మ్యాప్ డేటాను ఇంటర్నెట్‌లో అందించే జియోసర్వర్ ప్రోగ్రామ్ కూడా పెడితే దానితో వచ్చే పాస్‌వర్డ్ ఆ రోజే మార్చండి, అప్‌డేట్‌లు వేయండి. 2024లో దానిలో బయటివాళ్లు సర్వర్‌లో కోడ్ నడపగలిగే లోపం బయటపడింది. ఒంటరిగా ఉండే ముసలివాళ్ల ఇళ్లు, గర్భిణుల ఫోన్ నంబర్లు సహాయం చేసేవాళ్లకు అవసరమే, కానీ అవి వేరే పట్టికలో, వేరే పాస్‌వర్డ్ వెనుక ఉండాలి. బహిరంగ మ్యాప్‌లోకి పొరపాటున కూడా రాకూడదు.

ఇక బ్యాకప్. మేమూ రోజూ రాత్రి డంప్ (డేటాబేస్ మొత్తం నకలు) తీసేవాళ్లం. డిస్క్ నిండిపోయి నెల రోజులుగా ఖాళీ ఫైళ్లు పడుతున్నాయని, అవసరం పడి తెరిచిన రోజున తెలిసింది. ఆ టెన్షన్ ఎవరికీ వద్దు. జూన్‌లో ఒక రోజు కేటాయించి, మరో ఊళ్లో ఉన్న ఖాళీ సర్వర్‌లో ఆ డంప్‌ను నిజంగా ఎక్కించి చూడండి. అక్కడ పోస్ట్‌జిస్ లేకపోతే అది ఎక్కదు. మ్యాప్ తెరుచుకునే దాకా ఎంతసేపు పట్టిందో రాసిపెట్టుకోండి.

నీళ్లు పెరిగితే కరెంటు, సిగ్నల్ రెండూ పోవచ్చు. 43 అడుగుల హెచ్చరిక రాగానే మండలానికో పేజీ చొప్పున మ్యాప్‌ను ప్రింట్ తీసి, తేదీ, గంట వేసి, గ్రామ సచివాలయానికి ఒకటి, పడవవాళ్లకు ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి ఒకటి ఇవ్వండి.