పెరట్లో కనిపించిన గొంగళి పురుగు ఏదో గుర్తుపట్టడం ఎలా?

రంగు చూసి పురుగుకు పేరు పెట్టకండి. శనగపచ్చ పురుగు పేరులోనే పచ్చ ఉంది. అయినా ఒకే టమాటా మడిలో అది పచ్చగానూ ఉంటుంది, గోధుమ రంగులోనూ ఉంటుంది.

లెన్స్, చిన్న బ్రష్, గాజు గ్లాసు, మూతికి గుడ్డ కట్టిన సీసా చాలు. ఫొటో తీస్తే పక్క నుంచే తీయాలి. పై నుంచి తీసిన ఫొటోలో కాళ్లు సరిగా కనపడవు.

ముందు అది ఏ మొక్కను తింటోందో రాసుకోండి. సగం పని అక్కడే అయిపోతుంది. నందివర్ధనం మీద వేలంత లావు పచ్చ పురుగు, వెనక చిన్న కొమ్ము, తల దగ్గర రెండు నీలి కళ్లు ఉంటే అది గన్నేరు హాక్ మాత్ అనే రెక్కల పురుగు పిల్ల. అవి కళ్లు కావు, మచ్చలు. ప్యూపా దశకు ముందు ఇదే గోధుమ రంగుకు మారుతుంది. తెలంగాణలోని మహదేవపూర్ వైపు అడవిలో మద్ది ఆకు తింటూ కనిపించే పెద్ద పచ్చ పురుగు దసలి పట్టు పురుగు కావచ్చు, ముట్టుకోకండి. కరివేపాకు మీద పిట్ట రెట్టలా ఉన్నదాన్ని బ్రష్‌తో తాకితే మెడ నుంచి కొమ్ములాంటిది బయటికి వస్తుంది. అది సీతాకోకచిలుక పిల్ల, చంపకండి.

ఇక కాళ్లు లెక్కపెట్టాలి. అందరూ తప్పు చేసేది ఇక్కడే.

పురుగును గ్లాసు మీద నడవనిచ్చి అడుగు నుంచి చూడండి. చుట్ట చుట్టుకుంటే విప్పకండి, అదే కదిలేదాకా ఆగండి. తల వెనక మొనదేలిన మూడు జతలు ఉంటాయి, వాటిని లెక్కలో కలపకండి. ఆ తర్వాత కొంత ఖాళీ వస్తుంది, దాని వెనక మెత్తటి కండ కాళ్లు మొదలవుతాయి. లెక్కించాల్సింది వీటినే, తోక చివరి జతతో సహా. ఐదు జతలుంటే మామూలు పురుగు: పొగాకు లద్దె, శనగపచ్చ, హాక్ మాత్. రెండే ఉంటే జానలు కొలుస్తున్నట్టు నడిచే లూపర్. ఆముదం దాసరి పురుగుకు ముందు జత కురచగా ఉంటుంది, తొందరపడితే అది లెక్కలోంచి జారిపోతుంది. అందుకే రెండుసార్లు లెక్కపెట్టండి.

ఐదుకు మించితే అది సీతాకోకచిలుక పిల్లా కాదు, మాత్ పిల్లా కాదు. ముల్లంగి, ఆవ ఆకుల మీద నల్లగా ఉండేదానికి ఎనిమిది జతలుంటాయి, అది రంపపు ఈగ పిల్ల. ఒకసారి లెక్కపెట్టకుండా దాని మీద బీటీ మందు (గొంగళి పురుగులను చంపే బ్యాక్టీరియా మందు) కొట్టాను, మడి మొత్తం పోయింది. ఆ మందు దీని మీద పనిచేయదు.

వెంట్రుకలున్నదాన్ని ఎప్పుడూ చేత్తో పట్టొద్దు. మునగ మాను మీద గుంపులుగా ఉండేవి మరీ ప్రమాదం. కొబ్బరి, మామిడి ఆకుల మీద కాళ్లు కనపడకుండా, ముళ్లతో జారుతూ పోయేది కుడితే, కుట్టిన చోట సెల్లో టేప్ అంటించి లాగి, తర్వాత సబ్బుతో కడగండి.

ఇంకా అనుమానముంటే సీసా అడుగున రెండంగుళాల మట్టి పోసి, అదే మొక్క ఆకు రోజూ వేస్తూ పెంచండి. రెక్కలు వచ్చాక పేరు తేలుతుంది. ఒక్కోసారి లోపలి నుంచి ఈగ వస్తుంది. ఈగ పిల్ల దాన్ని లోపల్నుంచి తినేసిందన్నమాట, అలాంటి ఈగను తోటలో వదిలేయండి.