తుపానులో జాకప్ రిగ్, 5వ పాఠం: మైనస్ గుర్తు పోతే ఏమవుతుంది?

ఈ వారం జాకప్ రిగ్ (సముద్రపు అడుగున కాళ్లు ఆనించి నిలబడే డ్రిల్లింగ్ వేదిక) పాదాల కింద మట్టి గురించి చెప్పాల్సింది. కానీ అల, ప్రవాహం కలిసి రిగ్ కాలును ఎంత బలంతో తోస్తాయో కట్టమని పోయినసారి ఇచ్చిన లెక్కకు మీరు పంపిన జవాబుల్లో చాలావరకు ఒకేచోట తప్పాయి. అది సరిచేయకుండా ముందుకెళ్తే మిగతా పాఠాలన్నీ వృథా. మోరిసన్ సమీకరణం (గొట్టం మీద అలల బలం కట్టే సూత్రం), అలల లీనియర్ థియరీ (చిన్న అలల్లో నీటి కదలికను లెక్కించే సరళ పద్ధతి) మీకు వచ్చనే అనుకుంటున్నాను.

డ్రాగ్ బలం (కదిలే నీరు కాలును తోసే బలం) నీటి వేగం వర్గాన్ని బట్టి ఉంటుందనగానే వర్గం చేసేశారు. అల కింద నీరు ముందుకూ వెనక్కూ ఊగుతుంది. సెకనుకు +3 మీటర్లయినా, −3 అయినా వర్గం 9. అంటే నీరు వెనక్కి లాగుతున్నా మీ మోడల్‌లో రిగ్ కాలు ముందుకే తోయబడుతోంది! వేగాన్ని దాని పరిమాణంతో గుణించాలి: వేగం × |వేగం|. అప్పుడు 9, −9 వస్తాయి.

సెకనుకు 1 మీటరు ప్రవాహం తోడైతే వేగాలు 4, −2 అవుతాయి. జవాబు 16, −4. కొందరు అలకు 9, ప్రవాహానికి 1 విడిగా కట్టి 10 అన్నారు. ముందు వేగాలు కలపండి, బలం తర్వాత. మీటరు వ్యాసమున్న గొట్టానికి, డ్రాగ్ గుణకం 1.05 అయితే, ఆ 16 అంటే మీటరు పొడవుకు దాదాపు 8.6 కిలోన్యూటన్లు. 10తో కడితే 5.4 దగ్గరే ఆగిపోతారు.

ఇంకో నష్టం పైకి కనబడదు. ప్రవాహం లేకుండా, పీరియడ్ (ఒక ఊపు పూర్తవడానికి పట్టే సమయం) 15 సెకన్లున్న అల తీసుకోండి. ఉత్త వర్గం చేస్తే ఒక స్థిరమైన తోపు, 7.5 సెకన్లకోసారి తిరిగొచ్చే ఊపు వస్తాయి. సరిగ్గా చేస్తే 15 సెకన్ల ఊపు, దానిలో ఐదో వంతు బలంతో 5 సెకన్ల ఊపు వస్తాయి. మీ రిగ్ సహజ పీరియడ్ (కదిపి వదిలితే దానంతటది ఊగే పీరియడ్) 5 సెకన్లే అనుకోండి. 15 సెకన్ల ఊపు 1.125 రెట్లే పెరుగుతుంది. 5 సెకన్లది, 5 శాతం డ్యాంపింగ్ (ఊపును అణిచే నిరోధం) ఉన్నా, 10 రెట్లు పెరిగి అసలు ఊపునే దాటేస్తుంది. నిజమైన తుపానులో అలలు ఒకే పీరియడ్‌తో రావు కాబట్టి అంత పెరగదు. అయినా ఆ 5 సెకన్ల ముక్కే లేని మోడల్‌ను నమ్మి రిగ్ మీద మనుషుల్ని ఉంచలేం. 2005లో కట్రీనా, రీటా హరికేన్లు గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో వందకు పైగా ప్లాట్‌ఫారాలను కూల్చాయి, జాకప్‌లూ పోయాయి.

నేనైతే సాఫ్ట్‌వేర్ జవాబు చూసేముందు ఒక అలకు డ్రాగ్ గ్రాఫ్ గీస్తాను. ప్రవాహం లేనప్పుడు, నీటిలోపలి గొట్టానికి సున్నా గీత పైన, కింద వైశాల్యాలు సమానం కాకపోతే అక్కడే ఆపేస్తాను.

అభ్యాసం: నీటి లోతు 100 మీటర్లు, అల పీరియడ్ 15 సెకన్లు, అల పొడవు దాదాపు 335 మీటర్లు. అల వెళ్లే దిశలో రెండు కాళ్ల మధ్య 40 మీటర్లు. రెండు కాళ్ల మీది బలాలు కలిపితే 15 సెకన్ల ఊపు ఎంత మిగులుతుంది, 5 సెకన్లది ఎంత? రెండోదానికి ఫేజ్ తేడా (ఒక కాలి ఊపు కన్నా రెండో కాలి ఊపు ఎంత వెనకబడిందో చెప్పే కోణం) మూడింతలు తీసుకోండి.