బొమ్మల కథలో పన్నెండు సకినాలు: పిల్లలకు భాగహారం

నాలుగు కాగితాలు కుట్టి మీరే బొమ్మల పుస్తకం గీయండి. తల్లెలో 12 సకినాలు. మొదటి పేజీలో ఇద్దరు పిల్లలు, తర్వాత ముగ్గురు, ఆపై నలుగురు. 12 ఎందుకంటే, మూడుసార్లూ శేషం రాదు.

పేజీ తిప్పేముందు ఆగి, మీ పిల్లలకు 12 చింతగింజలు, బొమ్మలో ఉన్న మనిషికో సీసామూత చొప్పున ఇవ్వండి. ఒక్కో మూతలో ఒక్కో గింజ, వరుసగా తిరుగుతూ వేయాలి. చాలామంది గుప్పెడు తీసి మొదటి మూతలోనే పోస్తారు, చివరిదానికి ఏమీ మిగలదు. సరిదిద్దకండి; "అందరికీ సమానంగా వచ్చినయా?" అని అడగండి, వాళ్లే మార్చుకుంటారు. మనుషులు పెరిగేకొద్దీ వాటా తగ్గడం వాళ్ల కంటబడాలి.

శేషానికి మాత్రం నల్లగొండ బత్తాయే మేలు. వలిచేదాకా ఎన్ని తొనలో తెలియదు! మిగిలిన తొనను విరవనివ్వకుండా పక్కన పెట్టించండి. భాగహారం గుర్తు ఇప్పుడే వద్దు.