గండికోట చూడటానికి వచ్చేవాళ్లకు మీ ఇంట్లో గదులు ఇవ్వాలనుకుంటే

జమ్మలమడుగులో మా ఇంటి మేడ మీద మూడు గదులు గెస్టులకు ఇస్తున్నాం. మీరూ పెట్టాలనుకుంటే ముందు ఒకటి చెప్తాను. ఏసీ, లిఫ్టు, రేటు వీటిలో హోటల్‌తో పోటీకి పోవద్దు, గెలవలేం. హోటల్‌కి వెళ్లేవాళ్లకు అక్కడ ఏం దొరుకుతుందో ముందే తెలుసు, అదే వాళ్ల బలం. ముక్కూ మొహం తెలియని వాళ్లింట్లో పడుకోవాలంటే ఎవరికైనా భయమే కదా, మన పని ఆ భయం పోగొట్టడం.

అందుకే ఫోటోల్లో మంచం కంటే ముందు బాత్రూమ్ పెట్టండి. ఫోన్ చేసిన ఆడవాళ్లు మొదట అడిగేది దాని గురించే. మన బోరు నీళ్లకు కుళాయిల మీద తెల్లగా పొర కడుతుంది, నిమ్మ ఉప్పుతో రుద్ది తీసేయండి. మనకు అలవాటైపోయింది గానీ గెస్టు కంటికి అది మురికే. లిఫ్టు లేదు, మెట్లు ఎక్కాలి, ఇంట్లో మేమూ ఉంటాం, ఇవన్నీ బుకింగ్‌కి ముందే చెప్పేయండి.

వేడినీళ్ల దగ్గర నేను దెబ్బతిన్నాను. మొదటి ఏడాది జనవరిలో బెంగళూరు నుంచి ఒక కుటుంబం వచ్చింది. వాళ్లు దిగిన రెండు గదులకూ కలిపి ఒకటే గీజర్. సూర్యోదయం చూడాలని అందరూ తెల్లవారుజామున ఐదింటికే లేచారు, ఇద్దరు స్నానం చేసేసరికి వేడినీళ్లు అయిపోయాయి. వాళ్ల అవ్వ చన్నీళ్లు పోసుకుని వణుక్కుంటూ తల తుడుచుకోవడం నేను చూశాను. మాతో ఒక్క మాట అనలేదు, వెళ్లాక రెండు స్టార్లు ఇచ్చారు. వందల రివ్యూలున్న హోటల్‌కి అది లెక్కే కాదు, మాకు అప్పటికి ఉన్నవే నాలుగు. ఆ వారమే ప్రతి బాత్రూమ్‌కీ ఒక గీజర్ పెట్టించాను, మీరు మొదలుపెట్టేటప్పుడే పెట్టించుకోండి.

మనం గెలిచేది టిఫిన్ దగ్గర. పెన్నా లోయ మీద ఎండ పడటం చూడాలంటే చీకటితోనే బయల్దేరాలి, అప్పటికి హోటళ్లలో స్టవ్ కూడా వెలగదు. మనం ఫ్లాస్కులో టీ పోసిచ్చి, వాళ్లు తిరిగొచ్చే వేళకు బొరుగులు నానబెట్టి నీళ్లు పిండేసి, పోపులో కలిపి, పుట్నాల పొడి చల్లి, మిరపకాయ బజ్జీలతో వేడివేడి ఉగ్గాని పెడితే దాని ఫోటో వాళ్లే నలుగురికీ పంపుకుంటారు. బ్రెడ్డూ జామూ పెట్టొద్దు దయచేసి. బెలూం గుహలకు వెళ్తామంటే లోపల ఉక్కపోతకు చొక్కా తడిసిపోతుంది, ఒక తువ్వాలు పెట్టుకోండి అని చెప్పండి. ఇలాంటివి రిసెప్షన్‌లో ఎవరూ చెప్పరు.

యాప్‌ల కమీషన్ బాధే. అలాగని యాప్‌లో వచ్చిన బుకింగ్ క్యాన్సిల్ చేయించి చేతికి డబ్బు తీసుకోవద్దు, తెలిస్తే లిస్టింగే తీసేస్తారు. వెళ్లేటప్పుడు మీ నంబరున్న కార్డు ఇవ్వండి, మళ్లీ వచ్చేటప్పుడు నేరుగా ఫోన్ చేస్తారు. ఫోన్‌లో గది ఇచ్చిన నిమిషమే యాప్‌లో ఆ తేదీ మూసేయండి, డిసెంబర్ శని, ఆదివారాల్లో ఒకే గదికి ఇద్దరొస్తే ఆ టెన్షన్ మామూలుగా ఉండదు.

కాగితాలు కూడా చూసుకోండి. కేంద్ర పర్యాటక శాఖ పథకంలో ఆరు గదుల వరకు నమోదు చేసుకోవచ్చు, కానీ యజమాని ఆ ఇంట్లోనే ఉండాలి. వంట చేసి పెడతారు కాబట్టి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్ కావాలి. అందరి గుర్తింపు కార్డులూ తీసుకోండి, విదేశీయులు దిగితే 24 గంటల్లోపు ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓకు, అంటే విదేశీయుల వివరాలు నమోదు చేసే ఆఫీసుకు, ఆన్‌లైన్‌లో తెలపాలి.

అప్పు చేసేముందు ఎండాకాలాన్ని లెక్కలో వేసుకోండి. డిసెంబర్ రాబడి చూసి ఈఎంఐ పెట్టుకుంటే ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటిన ఎండకు కోట ఎక్కేవాళ్లే ఉండరు, అప్పుడు నిద్ర పట్టదు. మేమైతే ఆ రెండు నెలలూ పరుపులు మిద్దె మీద ఎండబెట్టి, గోడలకు సున్నం కొట్టించి, గీజర్లు విప్పించి లోపల పేరుకున్న ఉప్పు తీయించుకుంటాం.