ట్రాఫిక్ చెప్పే గొంతు, 4వ పాఠం: ముప్పై సెకన్ల ముక్క

కిందటి పాఠంలో ఊపిరి సంగతి చూశాం. ఇప్పుడు రేడియోలో చదివే ముప్పై సెకన్ల ట్రాఫిక్ కబురును కాగితం మీద ఎలా రాయాలో చూద్దాం.

మీ మాట వినేవాడి చేతిలో స్టీరింగ్ ఉంటుంది, చూపు రోడ్డు మీద ఉంటుంది. "లారీ ఆగిపోవడంతో వాహనాలు నెమ్మదిగా కదులుతున్నాయి, రేణిగుంట రోడ్డులో..." అని మొదలుపెడితే, చోటు పేరు వచ్చేసరికి ఆ మలుపు దాటిపోయి ఉంటాడు. ఇలా రాయండి:

"రేణిగుంట రోడ్డు. తిరుపతి వైపు వచ్చేవాళ్లకు. లారీ ఆగిపోయింది, ఒక్క వరుసే కదులుతోంది. వీలైతే తిరుచానూరు మీదుగా రండి. సమయం ఎనిమిదీ పది."

ముందు చోటు, తర్వాత ఏ వైపు, ఎందుకు, ఎటు తిరగాలి, చివర సమయం. సమయం చెప్పకపోతే తొమ్మిదింటికి విన్నవాడు కూడా ఊరికే చుట్టు తిరుగుతాడు. ముప్పై సెకన్లకు 45 నుంచి 50 మాటలు చాలు. అంతకు మించితే పరిగెత్తి చదువుతారు, ఊరి పేర్లు మింగేస్తారు.

తిరుపతిలో అందరూ తడబడేది "ఘాట్ రోడ్డు" దగ్గర. కొండ ఎక్కడానికి రెండో ఘాట్, దిగడానికి మొదటి ఘాట్. ఉత్త "ఘాట్ రోడ్డులో రద్దీ" అంటే దిగేదారిలో ఆగిన బండి గురించి విని, ఎక్కేవాడు కంగారు పడతాడు. "ఎక్కేదారి", "దిగేదారి" అనే చెప్పండి. ఫోన్‌ మ్యాప్‌లో కొండ కింద అలిపిరి దగ్గర రద్దీ గుర్తుగా ఎరుపు కనబడగానే చదివేయకండి. అది తనిఖీ కోసం ఆగిన మామూలు వరుస కావచ్చు. రోజూ ఆగేచోటు దాటి వరుస వెనక్కి పెరిగితేనే అది వార్త. అక్కడున్న ఎవరికైనా ఫోన్ చేసి రూఢి చేసుకున్నాకే మైకు ముందుకు వెళ్లండి.

ఇక వాయిస్ ఓవర్, అంటే ప్రకటనలకూ డాక్యుమెంటరీలకూ వెనక నుంచి గొంతు ఇవ్వడం, దాని సంగతి. రోజూ ట్రాఫిక్ చెప్పే గొంతుకు ఒక జబ్బు పడుతుంది: ప్రతి వాక్యం తోకా పైకి లేస్తుంది, అంటే చివర గొంతు పెరుగుతుంది, హడావుడి దిగదు. వాయిస్ ఓవర్‌కు అది పనికిరాదు. పై ముక్కనే మూడుసార్లు రికార్డు చేయండి: ఒకసారి రేడియోకి, ఒకసారి పక్క సీట్లో కూర్చున్న అమ్మకు చెబుతున్నట్టు, ఒకసారి తొందర లేకుండా నెమ్మదిగా.

మైకు నోటికి జానెడు దూరంలో, పెదవుల మూలకు తిప్పి పెట్టండి. "పద్మావతీపురం" అంటూ అరచెయ్యి నోటి ముందు పెట్టుకుంటే 'ప' దగ్గర గాలి తగులుతుంది. మైకులో "డుబ్" మనేది అదే. రికార్డు చేసే యాప్‌లో శబ్దం మోతాదు చూపే ముల్లు మైనస్ 12, మైనస్ 6 డెసిబెల్స్ మధ్య ఆడాలి. సున్నా తాకి పగిలిన మాటను ఎడిటింగ్‌లో బాగుచేయలేం, మళ్లీ చదవాల్సిందే. ఫ్యాన్ ఆపండి. ఎండాకాలం మన ఊళ్లో అది నరకమే, కాబట్టి తెల్లారి ఐదింటికి కూర్చోండి. ఎదుటి గోడకు మందపాటి బొంత వేలాడదీస్తే మోత తగ్గుతుంది. మొదట పది సెకన్లు మాట్లాడకుండా గది నిశ్శబ్దాన్ని కూడా రికార్డు చేసి, వేవ్ (WAV, శబ్దాన్ని కుదించని) ఫైలుగా దాచండి.

ఆ మూడు ఫైళ్లూ మర్నాడు వినండి. వాక్యం తోక ఎక్కడెక్కడ లేచిందో కాగితం మీద గీత పెట్టుకోండి. ఐదో పాఠం ఆ గీతల దగ్గరే మొదలవుతుంది.