కొమ్మతో వచ్చిన దొండను గింజలోకి దింపడం ఎలా?

దొండను ఎవరూ గింజ వేసి పెంచరు. పెన్సిల్ మందం కొమ్మ తుంచి, రెండు కణుపులు మట్టిలోకి పోయేలా గుచ్చితే చాలు, తల్లి ఎలాంటిదో పిల్లా అలాంటిదే. బెంగళూరులో మా మేడ మీద ఉన్న పాదు ఒంగోలు దగ్గర మా పుట్టింటి నుంచి తడిగుడ్డలో చుట్టి తెచ్చిన కొమ్మే. కాయ సన్నం, లేత గింజ, వేపుడుకి దానికి సాటి లేదు. దాని జబ్బల్లా ఇక్కడి చలి. జనవరిలో రాత్రి 15, 16 డిగ్రీలకు దిగేసరికి ముడుచుకు కూచుంటుంది. చెరువు కంచె మీది కాకిదొండ మాత్రం ఆ చలిలోనే చిగుళ్లు వేస్తుంది. దాని కాయ పరమ చేదు.

మా పాదు కాయ, కంచె తీగ మొండితనం ఒకే తీగలో కావాలంటే దారి బ్యాక్‌క్రాస్. అంటే రెండిటినీ ఒకసారి కలిపి, పుట్టినవాటిని మళ్లీ మళ్లీ తల్లి పాదుతోనే కలుపుతూ పోవడం. ఉన్న పాదు ఉన్నట్టే కావాలంటే మాత్రం ఈ గొడవంతా ఎందుకు, కొమ్మ గుచ్చుకోండి.

కావలసినవి: నగల దుకాణంలో ఇచ్చే పల్చటి వల సంచులు, ఎర్ర ఊలుదారం, నోటుబుక్కు, పెన్సిల్. పెన్ను వద్దు, మొదటి వానకే చెరిగిపోతుంది. బ్రష్ అసలే వద్దు. నిన్నటి పుప్పొడిని ఇవాళ్టి పువ్వుకి అంటించే పరికరం అది.

దొండలో మగ తీగ వేరు, ఆడ తీగ వేరు. కాయల కోసం పెంచేది ఆడదాన్నే కాబట్టి మన పాదులన్నీ ఆడవే. పువ్వు కింద బుల్లి దొండకాయ ఉంటే ఆడ, ఉత్త కాడే ఉంటే మగ. తెల్లారితే విచ్చుకునేలా ఉన్న ఆడ మొగ్గకి సాయంత్రమే సంచి తొడగండి. కంచె మీది మగ తీగ మొగ్గకీ అంతే, లేకపోతే తేనెటీగ మీకన్నా ముందు లేస్తుంది. పొద్దున్నే మగ పువ్వు కోసి, రేకులు వెనక్కి విరిచి, ఆడ పువ్వు మధ్యలో మెల్లగా రుద్ది, మళ్లీ సంచి తొడిగి దారం కట్టండి. కాయ ఎర్రగా పండేదాకా సంచి తీయొద్దు, పండు ఈగ కాచుకుని ఉంటుంది. మా పాదు పుప్పొడి తగలకపోయినా కాయ కాస్తుంది. అందుకని పిందె నిలవగానే సంబరపడకండి. పండు చీల్చి, గింజ గట్టిగా, నిండుగా ఉంటేనే పని అయినట్టు.

ఆ గింజల్లో ఇంచుమించు సగం మగ, సగం ఆడ. వాటిలో తల్లి పాదు వాటా 50 శాతం. ఇందులోని మగదాన్ని తల్లి పాదుతో కలిపితే 75, ఆ తరం మగదాన్ని మళ్లీ కలిపితే 87.5. ఇంతవరకు లెక్కలొచ్చిన ఎవరైనా చెబుతారు.

అందరూ బోల్తాపడేది మగదాన్ని ఎంచుకునే చోట.

మగ తీగకి కాయ ఉండదు. దాని కాయ చేదో కాదో మీరు కొరికి చూడలేరు. చలికి తట్టుకుందా లేదా అన్నది కంటికి కనిపిస్తుంది, చేదు కనిపించదు. అందుకే జనం జనవరిలో పచ్చగా, దిట్టంగా ఉన్న మగ తీగను చూసి మురిసిపోయి దాన్నే వాడేస్తారు. నేనూ మొదటిసారి అదే చేశాను. ఏడాది తర్వాత కాసిన కాయ వేపుడులో పడి ఇంటిల్లిపాదీ కంచాలు పక్కకు నెట్టారు. మా పక్కింటి కన్నడావిడ ఓ ముక్క నోట్లో వేసుకుని, ఇది తొండెకాయేనా అని అడిగింది.

మగదాని గుణం కూతుళ్లలో చూడాలి. 75 శాతం తరంలో చలికి నిలిచిన మగ తీగలు మూడు ఎంచుకోండి. మూడింటికీ వెంటనే కొమ్మలు గుచ్చి, విడివిడి కుండీల్లో ఒకటి, రెండు, మూడు అని రాసి బతికించుకోండి. ఈ పని వాయిదా వేస్తే అంతా పోయినట్టే. కూతుళ్లు కాసి ఫలితం తేలేసరికి తండ్రి ఎండిపోయి ఉంటే ఆ ఫలితం ఏం చేసుకుంటారు?

తర్వాత మూడింటి పుప్పొడినీ వేర్వేరు రోజుల్లో తల్లి పాదుకి పెట్టి, గింజలు కలిసిపోకుండా వేరు పొట్లాల్లో ఉంచండి. ఒక్కో పొట్లం నుంచి కనీసం పది మొలకలు పెంచితే అయిదు ఆడవి దొరకొచ్చు. ప్రతి ఆడదాని కాయా నాలుకకి తాకించి ఉమ్మేయండి, మింగొద్దు. బాగా చేదున్న దొండజాతి కాయ తింటే వాంతులు కావచ్చు. చేదు ఒకే జన్యువుతో, ఒక్క పక్కనుంచి వచ్చినా బయటపడేలా ఉంటే, దాన్ని మోసే తండ్రికి పుట్టిన కూతుళ్లలో సగం చేదుగా రావాలి. ఆ తండ్రికే అయిదుగురూ చేదు లేకుండా పుట్టే అవకాశం 32లో 1. ఒకే కూతురిని రుచి చూసి తండ్రికి సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లకి ఈ లెక్క చెప్పండి. ఏ తండ్రి కూతుళ్లంతా గట్టెక్కారో ఆ కుండీ ఉంచి, మిగతావి పీకేయండి.

ఇంకో భ్రమ కూడా ఉంది. నాలుగైదుసార్లు కలిపితే తల్లి పాదే గింజలో దిగివస్తుందని చాలామంది అనుకుంటారు. రాదు. కొమ్మలతోనే బతికిన పాదులో జన్యువులు జంటలుగా ఉన్నా, చాలా జంటల్లో రెండూ ఒకేలా ఉండవు. ప్రతి గింజకీ జంటలో ఒకటే అందుతుంది, అదీ ఒక్కోసారి ఒక్కోటి. పైగా దొండలో మగతనం వై క్రోమోజోమ్‌తో వస్తుంది, అది ఎన్ని తరాలైనా కంచె తీగదే. అందుకని 87.5 దగ్గర ఆగండి. అక్కణ్ణించి శాతం వదిలేసి కాయను చూసుకోవాలి.

చలికి నిలిచి, కాయ సన్నగా, చేదు లేకుండా ఉన్న కూతురు ఒక్కటి దొరికినా ఆ రోజే కొమ్మలు తుంచి మూడు కుండీల్లో గుచ్చండి. ఒకటి మీ పందిరికి, ఒకటి ఊళ్లో అమ్మకి, ఒకటి పక్కింటివాళ్లకి. మీ మేడ మీది పాదుకి ఏ తెగులో తగిలితే మళ్లీ కొమ్మ అడిగి తెచ్చుకోవడానికి.