ఫ్యామిలీ సైన్స్ ఫిక్షన్ సినిమా: పిల్లలకు చూపించే ముందు ప్రేక్షకుల రివ్యూలు ఎలా చదవాలి

రేపటి ప్రపంచం బాగుంటుందని ధైర్యంగా చెప్పే సైన్స్ ఫిక్షన్ సినిమాలు తక్కువ. వచ్చిన వాటికి టాక్ రెండుగా చీలుతుంది. ఒకరు కళ్లు చెమర్చాయంటారు, పక్కనే ఇంకొకరు క్లాసు పీకారంటారు. ఇద్దరూ చూసింది ఒకే సినిమా, ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. అలాంటి రివ్యూలు చదివి, ఇంట్లో పిల్లలతో కూర్చుని చూడాలా వద్దా అని తేల్చుకోవడానికి ఒక పద్ధతి ఉంది. ఉదాహరణకు డిస్నీ వారి 'టుమారోల్యాండ్' తీసుకుందాం. 2015 మే 22న అమెరికాలో విడుదలైంది. దర్శకుడు బ్రాడ్ బర్డ్, ప్రధాన పాత్రల్లో జార్జ్ క్లూనీ, బ్రిట్ రాబర్ట్‌సన్, నిడివి 130 నిమిషాలు. కథలోని ముఖ్యమైన మలుపులు కింద వస్తాయి, సినిమా చూడనివాళ్లు గమనించాలి.

ముందు అంకెల సంగతి. విమర్శకుల రివ్యూలను లెక్కగట్టే రాటెన్ టొమాటోస్ సైట్‌లో ఈ సినిమాకు విమర్శకుల శాతం 50 దగ్గర ఉంది. దాన్ని నూటికి యాభై మార్కులుగా చదవడమే ఎక్కువమంది చేసే పొరపాటు. ఆ శాతానికి అర్థం, రివ్యూ రాసినవాళ్లలో సగం మంది 'చూడొచ్చు' అన్నారని, మిగతా సగం 'వద్దు' అన్నారని. ఎంత బాగుందో ఆ అంకె చెప్పదు. అందరూ పదికి ఆరు ఇచ్చిన మామూలు సినిమాకు అక్కడ 90 శాతం రావచ్చు, సగం మంది ప్రాణం పెట్టుకున్న సినిమాకు 50 రావచ్చు. సినిమాస్కోర్ లెక్క వేరు. అది మొదటి రోజు థియేటర్ నుంచి బయటికొస్తున్న ప్రేక్షకుల చేతికి కార్డు ఇచ్చి తీసుకునే గ్రేడు. టుమారోల్యాండ్‌కు వచ్చింది 'బి' (B). వినడానికి బాగానే ఉన్నా, డిస్నీ ఫ్యామిలీ సినిమాకు 'ఎ' (A) వరుసలో గ్రేడు రావడం మామూలు. మొదటి రోజే టికెట్ కొనేవాళ్లు ఇష్టపడి వచ్చినవాళ్లు కదా. వాళ్లే బి ఇచ్చారంటే పెట్టుకున్న ఆశకూ తెరమీద కనిపించిన దానికీ ఎక్కడో తేడా వచ్చిందన్నమాట. సుమారు 18 నుంచి 19 కోట్ల డాలర్లతో తీసిన సినిమా ప్రపంచమంతా కలిపి 21 కోట్ల లోపే వసూలు చేసింది. ఆ లెక్క స్టూడియోకు కావాలి గానీ, మీ ఎనిమిదేళ్ల పాపకు సినిమా నచ్చుతుందా అన్న ప్రశ్నకు జవాబు కాదు. పక్కన పెట్టేయండి.

ప్రేక్షకులు రివ్యూలు రాసే సైట్లలో సగటు చూడకుండా స్టార్ల పంపకం చూడండి. పదికి పది, పదికి ఒకటి రెండూ ఎత్తుగా ఉంటే జనం చీలారని అర్థం. మధ్యలో గుట్టగా ఉంటే సినిమా సాదాసీదా. తర్వాత పదికి 5, 6, 7 ఇచ్చిన రివ్యూలు ఓ పది చదవండి, రెండు చివరల నుంచి చెరో రెండు చాలు. మధ్యలో ఇచ్చినవాళ్లకు నచ్చిందీ నచ్చనిదీ రెండూ చెప్పక తప్పదు, అందుకే ఏ సీను దగ్గర ఏమైందో వాళ్ల దగ్గరే దొరుకుతుంది. తేదీ కూడా చూసుకోండి. విడుదల వారంలో రాసిన దాంట్లో ట్రైలర్ మీద కోపం కలిసి ఉంటుంది. నాలుగైదేళ్ల తర్వాత ఇంట్లో చూసి రాసిన దాంట్లో అది ఉండదు. మీరు చూడబోయేది ఇంట్లోనే కాబట్టి ఆ రెండో రకం మీకు దగ్గర.

రాసినవాళ్ల అభిరుచి తెలియకపోతే పేరు నొక్కి, మీకు బాగా తెలిసిన సినిమాకు ఏమన్నారో చూడండి. తెలుగువాళ్లయితే సింగీతం శ్రీనివాసరావు గారి 'ఆదిత్య 369' (1991) మంచి గీటురాయి. కృష్ణదేవరాయల కాలం నచ్చి, 2504 సంవత్సరపు భాగం 'ల్యాగ్' అన్నవారికి టుమారోల్యాండ్‌లో ఫస్టాఫ్ బాగుండి చివర విసుగు రావచ్చు. భవిష్యత్తు భాగమే ఇంకాస్త ఉంటే బాగుండు అన్నవారి మాట ఇలాంటి సినిమాల విషయంలో ఎక్కువ నమ్మొచ్చు.

ఇక అసలు పని. ఒక కాగితం మీద నాలుగు గళ్లు గీయండి: ఆశ, నడక, బోధ, భయం. చదివిన ప్రతి ఫిర్యాదునూ వీటిలో ఒక గడిలో వేయండి. స్టార్లు వేయకండి, మాట వేయండి.

ఆశ గడి ముందు నిండుతుంది. కేసీ (బ్రిట్ రాబర్ట్‌సన్) అనే అమ్మాయి చేతికి ఒక చిన్న పిన్ దొరుకుతుంది. దాన్ని తాకగానే చుట్టూ ఉన్న గది మాయమై గోధుమ చేలో నిలబడుతుంది, దూరంగా మెరిసే నగరం, అదే టుమారోల్యాండ్. వేలు తీస్తే మళ్లీ గదిలోనే. చూపు అక్కడుంటుంది గానీ ఒళ్లు ఇక్కడే ఉంటుంది కాబట్టి, నడిస్తే ఇక్కడి గోడలకు గుద్దుకుంటుంది. సినిమా మొత్తంలో ఎక్కువమందికి గుర్తుండిపోయే చోటు ఇదే, ట్రైలర్‌లో అమ్మిందీ ఇదే. తీరా పిన్ సమయం అయిపోతుంది, ఆ నగరానికి నిజంగా చేరేది సినిమా చివరి మూడో వంతులో. చేరాక అది వెలవెలబోయి ఉంటుంది. 'నగరం చూపిస్తామని చూపించలేదు' అన్న ఫిర్యాదు అక్కడిది, న్యాయమైనదే. దీనికి విరుగుడు సులువు. ట్రైలర్ చూపించకుండా, 'ఇది నగరం గురించి కాదు, అక్కడికి చేరే దారి గురించి' అని పిల్లలకు ముందే చెప్పండి. ఆ గడిలో రాసిందంతా దాదాపు కొట్టివేయొచ్చు.

నడక గడిలో 'అసలు కథ ఎప్పుడు మొదలవుతుంది' అన్న మాటలు పడతాయి. 1964 న్యూయార్క్ వరల్డ్స్ ఫెయిర్‌కు ఒక పిల్లవాడు తాను చేసిన జెట్‌ప్యాక్ తెచ్చే ఘట్టం, తర్వాత కేసీ కథ, ఆ తర్వాత ఆ పిల్లవాడే పెద్దవాడైన ఫ్రాంక్ (జార్జ్ క్లూనీ). మూడుసార్లు మొదలైనట్టు ఉంటుంది. పదేళ్ల లోపు పిల్లలుంటే ఈ గడికి విలువ ఎక్కువ ఇవ్వండి. 130 నిమిషాలు ఒకే బిగిన వద్దు. ఫ్రాంక్ ఇంట్లో గొడవ ముగిసి, పారిస్ వెళ్లే ముందు ఆపితే సరిగ్గా ఇంటర్వెల్‌లా ఉంటుంది. ఈఫిల్ టవర్ ఘట్టం రెండో విడతకు మంచి ఊపు ఇస్తుంది.

బోధ గడి దగ్గర నిదానించాలి. ఆ నగరాన్ని ఏలే నిక్స్ పాత్రలో హ్యూ లారీ చెప్పే పెద్ద డైలాగు సారం ఇది: లోకం అంతమవుతుందని జనాన్ని హెచ్చరిస్తే వాళ్లు మారలేదు, ఆ అంతాన్నే వినోదంగా చేసుకున్నారు, ఎందుకంటే అలాంటి భవిష్యత్తు ఈరోజు మననుంచి ఏ పనీ అడగదు. పదికి ఒకటి ఇచ్చినవాళ్లూ పది ఇచ్చినవాళ్లూ ఎక్కువగా గొడవపడేది ఈ చోటే. చెప్పిన మాటతో పేచీయా, చెప్పిన తీరుతో పేచీయా అన్నది వాక్యంలోనే దొరుకుతుంది. 'ఇది తప్పు' అంటే మాటతో. 'కథ ఆపి చెప్పారు' అంటే తీరుతో. రెండోదాన్నే లెక్కలోకి తీసుకోండి. నా మటుకు ఆ డైలాగే ఈ సినిమాకు వెన్నెముక. దాన్ని కథలో కలపకుండా చివర్లో ఒకేసారి కుమ్మరించడం మాత్రం రాతలో లోపమే. పన్నెండు దాటిన పిల్లలతో చూస్తుంటే ఈ ఫిర్యాదును మైనస్‌గా కాక ప్లస్‌గా వేసుకోండి, మాట్లాడుకోవడానికి దొరికేది అక్కడే.

భయం గడిని ఎంత కథ తెలిసిపోయినా సరే నింపాలి. అమెరికాలో దీనికి పీజీ (పెద్దల సలహాతో పిల్లలు చూడొచ్చు) ఇచ్చారు. మన దగ్గర 2024 నిబంధనలతో యూఏలో 7+, 13+, 16+ అని వచ్చాయి గానీ ఓటీటీలో విదేశీ సినిమాకు ఏ ముద్ర కనిపించినా రివ్యూల్లో వెతకడం ఆపొద్దు. సర్చ్ పెట్టెలో 'రోబో', 'తల', 'పోలీసులు', 'ఏడ్చింది' లాంటి మాటలు ఇంగ్లీషులో కొట్టి చూడండి. మనుషుల్లా నవ్వే రోబోలు మనుషులను క్షణంలో మాయం చేసే చోటు ఉంది. రక్తం ఉండదు, అయినా చిన్నపిల్లలకు ఆ నవ్వే ఎక్కువ భయం. అథీనా అనే అమ్మాయి కూడా రోబోనే, పదేళ్ల పిల్లలా కనిపిస్తుంది, చివర్లో తనను తాను బలి ఇచ్చుకుంటుంది. పిల్లలు ఏడ్చారని తల్లిదండ్రులు రాసేది ఇలాంటి చోటే. ఆరేళ్ల లోపు ఉంటే ఇంకో రెండేళ్లు ఆగడం మంచిది.

గళ్లు నిండాక ఇలా తేల్చండి. ఆశ గడి మాత్రమే నిండితే చూడండి. నడక నిండితే రెండు విడతల్లో చూడండి. బోధ నిండితే పిల్లల వయసు చూసుకోండి. భయం గడిలో ఒకే సీను గురించి ముగ్గురు రాసి ఉంటే, ముందు మీరొక్కరే ఆ సీను చూసి అప్పుడు తేల్చండి.

చూశాక పిల్లల అభిప్రాయం అడిగేటప్పుడు 'ఎలా ఉంది?' అనకండి, 'బాగుంది' తప్ప ఏమీ రాదు. 'ఆ పిన్ నీకు దొరికితే మొదట ఏం చూస్తావు?', 'నిక్స్ చెప్పిందాంట్లో ఏది నిజం?', 'ఎక్కడ ఫోన్ చూడాలనిపించింది?' అని అడగండి. మూడోదానికి వచ్చే జవాబు చాలా రివ్యూల కంటే నిజాయితీగా ఉంటుంది. ఆ జవాబులు మీ రివ్యూలో పెట్టండి. మొదటి వాక్యంలో ఎవరితో, ఏ వయసు పిల్లలతో, థియేటర్లోనా ఇంట్లోనా అన్నది రాయండి. తర్వాత నచ్చిన ఒక సీను, ఆపేద్దామనిపించిన ఒక సీను, పిల్లలు భయపడిన చోటు ఉంటే అది. అథీనా సంగతి లాంటిది రాసేటప్పుడు స్పాయిలర్ గుర్తు పెట్టండి. స్టార్లు అన్నీ రాశాక ఇవ్వండి. ముందే ఇస్తే మిగతా రాతంతా ఆ అంకెను సమర్థించుకోవడానికే సరిపోతుంది.